కోతి జ్వరం పటంలో ఆ ఎరుపు ఏం చెబుతోంది?

పోయిన నెల ఈ పేజీలో కోతి జ్వరం (పిడుదుల ద్వారా సోకే వైరస్ జబ్బు, క్యాసనూరు అడవి జ్వరం అని కూడా అంటారు) గురించి రాస్తూ, కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో దాని ముప్పు ఎక్కడ ఎక్కువో రంగుల్లో చూపే పటాల మాట ఎత్తాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొన్ని భయపడి రాసినవి, కొన్ని నన్ను నిలదీస్తూ రాసినవి. నేను చదివింది పశువైద్యం. పిడుదుల వెంట పడి, చివరికి పటాలు గీసేవాళ్ల మధ్య తేలాను. కాబట్టి జవాబుల్లో ఆవులు కాస్త ఎక్కువ కనిపిస్తే సర్దుకోండి.

*మా అబ్బాయి సాగర దగ్గర ఒక కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరాడు. మీరు చెప్పిన పటం వెతికి చూస్తే ఆ తాలూకాలో చాలా చోట్ల ముదురు ఎరుపు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఉద్యోగం మానేసి వచ్చేయమని చెప్పమంటారా? — ఒక తల్లి, అనంతపురం*

వద్దమ్మా. అబ్బాయిని హాయిగా పాఠాలు చెప్పుకోనివ్వండి.

ఆ పటంలో ఎరుపు ఉన్నచోట జనమంతా జ్వరంతో పడి ఉన్నారని అర్థం కాదు. జిల్లాను చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో అడవి ఎలాంటిది, తోటలు ఎంత, పశువులు ఎన్ని, వాన ఎంత అని చూసి, ఇంతకు ముందు కేసులు వచ్చిన చోట్లతో పోల్చి, "ఇక్కడ కూడా రావడానికి వీలుంది" అని వేసిన రంగు అది. గడిలో ఉన్న మనిషికీ గడికీ ఒకే ముప్పు ఉండదు. అదే గడిలో కట్టెల కోసం అడవిలోకి పోయే ఆవిడ ఉంటుంది, వక్క తోటకి ఎరువుగా ఆకులు ఊడ్చి తెచ్చే కూలీ ఉంటాడు, బస్టాండు పక్కన గది తీసుకున్న మీ అబ్బాయీ ఉంటాడు. ముప్పు మొదటి ఇద్దరిది.

ఈ వైరస్ మనిషి నుంచి మనిషికి అంటుకోదు. పిడుదు కుట్టాలి, లేదా జబ్బుతో చచ్చిన కోతిని తాకే క్రమంలో దాని ఒంటిమీది పిడుదులు మన మీదికి ఎక్కాలి. కుట్టిన 3 నుంచి 8 రోజుల్లో ఉన్నట్టుండి జ్వరం, తల పగిలిపోయే నొప్పి, నడుమూ పిక్కలూ పట్టేసినట్టు ఉండటం, కళ్లు ఎర్రబడటం, వాంతులు; కొందరికి ముక్కులోంచో చిగుళ్లలోంచో రక్తం. జ్వరం తగ్గి వారం పది రోజులు బాగానే ఉండి, మళ్లీ తిరగబెట్టే రకం కూడా ఉంది. దాంట్లో మెదడు మీద ప్రభావం కనిపిస్తుంది. జబ్బు పడ్డవాళ్లలో నూటికి 3 నుంచి 5 మంది చనిపోతారని లెక్క. చిన్న విషయమని నేను అనను. కానీ మీ అబ్బాయి చేయాల్సింది ఒక్కటే: డిసెంబరు నుంచి మే దాకా సరదాకి అడవిలోకి వెళ్లి, ఆ తర్వాత జ్వరం వస్తే, "అడవికి వెళ్లొచ్చాను" అన్న ముక్క డాక్టరుకి ముందే చెప్పాలి. ఆ ముక్క చెప్పకపోతే డెంగీ అనుకుని రోజులు గడిచిపోతాయి.

*నేను జాగ్రఫీ ఎమ్మెస్సీ విద్యార్థిని. ప్రాజెక్టుగా కోతి జ్వరం ముప్పు పటం చేద్దామనుకుంటున్నాను. ఉపగ్రహం పిడుదుని చూడలేదు కదా, మరి ఏ ఆధారంతో గీస్తారు? ఏ అంశాలు తీసుకోవాలి? — విశాఖపట్నం*

మంచి ప్రశ్న. జవాబు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ముందు పిడుదు సంగతి. ఈ జ్వరాన్ని ప్రధానంగా మోసే జాతి హీమాఫిసాలిస్ స్పైనిజెరా. గుడ్డులోంచి లార్వా, లార్వా నుంచి పిల్ల పిడుదు, దాన్నుంచి పెద్దది. ప్రతి దశలో ఒక్కసారి ఏదో ఒక జంతువుని పట్టి, కడుపు నిండా రక్తం తాగి, రాలిపోతుంది. జంతువు ఒంటిమీద ఉండేది కొద్ది రోజులే. మిగతా బతుకంతా నేలమీద, రాలిన ఆకుల అడుగున. అక్కడ దానికి పెద్ద శత్రువు పొడిగాలి. ఒంట్లో తేమ ఆరిపోతే చస్తుంది. అందుకే ఉపగ్రహం పిడుదుని చూడకపోయినా ఫర్వాలేదు. పిడుదు బతికే నేల ఎక్కడ తేమగా, నీడగా ఉంటుందో చూస్తే చాలు. చెట్ల పచ్చదనం, నేల ఉపరితలం వేడి, ఏ నెలలో ఎంత వాన, సముద్రమట్టం నుంచి ఎత్తు, ఇవన్నీ గడిగడికీ దొరికే లెక్కలే. మీ మొదటి పొరలు ఇవి.

ఇంతటితో ఆపేస్తే మీరు గీసింది పిడుదు పటం అవుతుంది, జ్వరం పటం కాదు. ఇదే జాతి పిడుదు కోతి జ్వరం ఎప్పుడూ కనిపించని చోట్ల కూడా ఉంది. జ్వరం రావాలంటే అక్కడ వైరస్ తిరుగుతూ ఉండాలి. దానికి అడవి ఎలుకలు, చుంచులు, ఉడుతలు, కొండముచ్చులు, కోతులు కావాలి. పెద్ద పిడుదులు గుడ్లు పెట్టాలంటే వాటికి పశువుల్లాంటి పెద్ద జంతువుల రక్తం కావాలి. ఆ తర్వాత మనిషి అక్కడికి వెళ్లాలి. కాబట్టి రెండో వరసలో అడవి రకం, తోటల విస్తీర్ణం, పశుగణన లెక్కలు, జనసాంద్రత పెట్టుకోండి.

2020లో బ్రిటన్, భారత శాస్త్రవేత్తలు కలిసి శివమొగ్గ జిల్లా మీద ఇలాంటి పటమే ప్రచురించారు. ఏ అంశాలు చూడాలో స్థానిక ఆరోగ్య, పశువైద్య, అటవీ సిబ్బందితో కూర్చుని నిర్ణయించుకోవడం అందులో నాకు నచ్చిన సంగతి. వాళ్ల లెక్కలో ముప్పు ఎక్కువగా తేలింది దట్టమైన అడవి నడిమధ్యలో కాదు. తేమ ఉండే సతతహరిత అడవీ తోటలూ ముక్కలు ముక్కలుగా కలిసిపోయిన చోట, దేశవాళీ పశువులు ఎక్కువున్న చోట. పొడి ఆకురాల్చే అడవి ఎక్కువున్న గడుల్లో ముప్పు తక్కువ. మోడల్ తయారీలో వాడని 2019 కేసులతో సరిచూస్తే, ఆ ఏడాది జ్వరం విరుచుకుపడిన చోట్లను పటం బాగానే పట్టింది. మీరూ అలాగే చేయండి. కొన్నేళ్ల కేసులు పక్కన దాచిపెట్టి, వాటితోనే మీ పటానికి పరీక్ష పెట్టండి. చూసిన ప్రశ్నలే పరీక్షలో వస్తే ఎవరికైనా నూరు మార్కులే.

దేశవాళీ పశువులు అన్నచోట ఒక్క నిమిషం ఆగుతాను, ఇది నా సబ్జెక్టు. పశ్చిమ కర్ణాటక కొండసీమ మలెనాడులో మలెనాడు గిడ్డ అని పొట్టి జాతి ఆవులున్నాయి. పొద్దున కట్టు విప్పితే వాటంతట అవే అడవిలోకి పోయి మేసి, సాయంత్రం వస్తాయి. వస్తూ పిడుదుల్ని మోసుకొస్తాయి. సంకర జాతి ఆవు కొట్టంలోనే ఉండి దాణా తింటుంది, అడవి మొహం చూడదు. మొత్తం పశువుల సంఖ్య ఒక్క అంకెగా వేస్తే ఈ తేడా మాయమైపోతుంది. పశుగణనలో దేశవాళీ, సంకర జాతి విడివిడిగా ఉంటాయి. విడిగానే తీసుకోండి.

ఇక తలనొప్పి ఎక్కడంటే, కేసు చుక్క ఎక్కడ పెట్టాలన్న దగ్గర. రిజిస్టర్లో రోగి ఊరు ఉంటుంది. పిడుదు కుట్టింది ఊళ్లో కాదు, ఊరికి దూరంగా ఆకులు ఊడ్చిన వాలులో. మీ గడి కిలోమీటరు వెడల్పు ఉంటే చుక్క ఒక గడిలో, కుట్టిన చోటు ఇంకో గడిలో పడొచ్చు. అప్పుడు మోడల్ "ఇళ్లున్న చోటే ముప్పు" అని నేర్చుకుంటుంది. గడి చిన్నది చేస్తే పటం చూడ్డానికి బాగుంటుంది గానీ ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. నా సలహా: కేసు చుట్టూ మనుషులు రోజూ తిరిగే మేర ఒక వలయం తీసుకుని, ఆ వలయంలోని అడవినీ తోటనీ సగటు చేయండి.

పటం గీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, వారంలో నేర్చుకుంటారు. ఊరి పేర్లు మూడు రకాల స్పెల్లింగులతో ఉన్న కేసుల జాబితా సరిచేయడానికే నెలలు పడుతుంది. గైడుకి ముందే చెప్పి టైము అడగండి.

వీలైతే ఒక్కసారైనా, పిడుదుల్ని లెక్కించడానికి గుడ్డ లాగే వాళ్లతో అడవికి వెళ్లండి. మీటరు వెడల్పు తెల్లటి ఫ్లానెల్ గుడ్డకి కర్ర కట్టి, రాలిన ఆకుల మీద మెల్లగా ఈడ్చుకుంటూ పోతారు. కొంతదూరం పోయాక ఆగి గుడ్డ తిరగేస్తారు. మొదట ఏమీ కనిపించదు, ఏదో గడ్డిగింజలు, మట్టి. అలాగే చూస్తుంటే ఆవగింజలో సగం కూడా లేని ఒక గోధుమరంగు గింజ నడవడం మొదలుపెడుతుంది. అదే పిల్ల పిడుదు. దాన్ని పట్టకారుతో తీసి సీసాలో వేసి, ఎన్ని దొరికాయో, ఎంత దూరం లాగారో రాసుకుంటారు. పాంటు కింది అంచుని సాక్సులోకి దోపుకోకుండా ఆ పనికి దిగకండి.

*మీరు రాసినదాన్ని బట్టి పశువులే దోషులన్నట్టుంది. మాకు పాడి ఉంది, గోమార్లు కూడా ఉన్నాయి. మా ఆవుల వల్ల మాకూ కోతి జ్వరం వస్తుందా? — ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా*

రాదన్నా, ఆ భయం పెట్టుకోకండి. మనుషుల్లో ఈ జ్వరం బయటపడింది కర్ణాటకలో. 2012 తర్వాత తమిళనాడు, కేరళ, గోవా, మహారాష్ట్రల్లోనూ కనిపించింది. అన్నీ పశ్చిమ కనుమల చుట్టుపక్కలే. ఇంకో సంగతి: ఆవు ఈ వైరస్‌ని పెంచి పంచే జంతువు కాదు. పెద్ద పిడుదులకు తిండి పెట్టి, వాటి సంతతి పెరగడానికి సాయపడుతుంది, అంతే.

మన కొట్టాల్లో ఎక్కువగా కనిపించే గోమారి, రిపిసెఫలస్ మైక్రోప్లస్, లార్వాగా ఎక్కిన ఆవు మీదే పెద్దదై, కిందికి రాలి గుడ్లు పెడుతుంది. మనిషి జోలికి రావడం అరుదు. అది మీ పశువుకి బెబీసియా, అనాప్లాస్మా అనే రక్తపు జబ్బులు తెస్తుంది. మూత్రం కాఫీరంగులో వస్తే బెబీసియా అని అనుమానించండి. హయలోమా అనే ఇంకో రకం సంకర జాతి దూడలకి థైలీరియా అనే ఇంకో రక్తపు జబ్బు తెచ్చి ప్రాణం తీస్తుంది. మీరు టెన్షన్ పడాల్సింది వీటి గురించి. మందు ఆవు ఒంటికి కొట్టి ఊరుకోకుండా కొట్టం గోడల పగుళ్లలో కూడా కొట్టండి, హయలోమా అక్కడ దాక్కుంటుంది. మోతాదు మీ డాక్టరుని అడగండి. ఎక్కువ కొడితే బాగా పనిచేస్తుందనుకోవడం మన దగ్గర పెద్ద జబ్బు.

*మా జిల్లాలో స్క్రబ్ టైఫస్ అంటున్నారు. అదీ పిడుదు వల్లేనా? — ఒక పాఠకురాలు, విజయనగరం*

కాదమ్మా. దాన్ని తెచ్చేది చిగ్గర్ అనే నల్లి (మైట్; మంచాల్లో ఉండే నల్లి కాదు) లార్వా, కంటికి ఆనదు. కారణం ఓరియెంషియా సుసుగముషి అనే బ్యాక్టీరియా. కుట్టిన చోట చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో, బట్ట కట్టే చోట వెతకాలి. డాక్సీసైక్లిన్ వేళకి మొదలుపెడితే బాగా తగ్గుతుంది. కోతి జ్వరం వైరస్ వల్ల వచ్చేది కాబట్టి దానికి అలాంటి మందు లేదు. లక్షణాలకు చికిత్స చేస్తూ రోగిని కాపాడుకోవాలి. పొదలూ గట్లూ ఉన్నచోట స్క్రబ్ టైఫస్ ఎక్కువ గనుక దానికీ ఇలాంటి పటాలు గీస్తారు. పొరలు కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు.

*అడవి వల్లే కదా ఈ గొడవంతా. ఊళ్ల చుట్టూ అడవి కొట్టేస్తే పిడుదూ పోతుంది, జ్వరమూ పోతుంది. పర్యావరణం వాళ్లు ఒప్పుకోరు గానీ, నిజం అదే కదా? — ఒక రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు*

లెక్క తిరగబడిందండీ. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు కుప్పలుగా చచ్చిపోతే, ముందు ఎల్లో ఫీవర్ (కోతుల్నీ చంపే దోమకాటు జ్వరం) మన దేశానికి వచ్చిందేమోనని హడలిపోయారు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు వెళ్లి వెతికితే కొత్త వైరస్ దొరికింది. ఆ ఏడాది 466 మందికి జ్వరం వచ్చినట్టు రికార్డు. వైరస్ ఎప్పట్నుంచో అడవిలో జంతువులకీ పిడుదులకీ మధ్య తిరుగుతూనే ఉండి ఉండాలి. మరి అప్పుడే ఎందుకు బయటపడింది? ఆ బృందంతో పనిచేసిన కొలంబియా దేశపు శాస్త్రవేత్త హోర్హె బోషెల్ 1969లో చెప్పిన మాట ఇది: జనం పెరిగారు, అడవిని ముక్కలు చేశారు, ఆ ముక్కల్లోకి పశువుల్ని తోలారు, పెద్ద పిడుదులకు ఎన్నడూ లేనంత తిండి దొరికింది. 1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి వైపు జ్వరం చెలరేగింది కూడా అడవి కొట్టి జీడిమామిడి వేసే పని నడుస్తున్నప్పుడే.

నేను చెప్పిన 2020 పటం కూడా దాదాపు అదే మాట అంటోంది. అడవి కొంచెం కొంచెం కొట్టిన ప్రతిసారీ కొత్త అంచు పుడుతుంది. ఆ అంచున చెట్టూ ఉంటుంది, తోటా ఉంటుంది, ఆవూ ఉంటుంది, మనిషీ ఉంటాడు. మొత్తం చదును చేసేస్తే అంటారా, మలెనాడు వక్క రైతునే అడగండి. ఆయన తోటకి నీడ, నీళ్లు, ఆకు ఎరువు అన్నీ ఆ కొండ అడవి నుంచే రావాలి.

అయితే పటాన్ని నెత్తిన పెట్టుకోవడమూ నాకు ఇష్టం ఉండదు. శివమొగ్గ పటం పొడి అడవిలో ముప్పు తక్కువంటుంది. కానీ 2012లో చామరాజనగర్ జిల్లా బండీపూర్‌లో, ఆ పొడి అడవిలోనే, చచ్చిన కోతుల్ని తీసి కాల్చే పనిలో ఉన్నవాళ్లకి ఈ జ్వరం సోకింది. ఒక జిల్లా కేసులతో కట్టిన పటాన్ని ఇంకో జిల్లాకి అంటిస్తే ఇలాగే బోల్తా పడతాం. ఎక్కడికక్కడ కొత్తగా కట్టుకోవాల్సిందే.

*జనవరిలో ఆగుంబె, జోగ్ జలపాతం చూడ్డానికి కుటుంబంతో వెళ్తున్నాం. మానుకోవాలా? టీకా ఉందా? — హైదరాబాద్*

వెళ్లండి. జలపాతాల దగ్గర రోడ్డు, మెట్లు ఉన్నదారిలో తిరిగితే ఇబ్బంది లేదు. కాలిబాట వదిలి అడవి లోపలికి ట్రెక్కింగ్ మాత్రం ఆ నెలల్లో వద్దు, పిల్ల పిడుదులు ఆకలి మీదుండే కాలం అది. ఆకుల మీద కూర్చోవద్దు. లేత రంగు బట్టలు, నిండు చేతులు. కర్ణాటకలో అడవి పనికి వెళ్లేవాళ్లకి డీపా అని ఒంటికి పూసుకునే నూనె ఇస్తారు. అలాంటి పురుగు నివారణ మందేదైనా రాసుకోండి. గదికి రాగానే వేడినీళ్ల స్నానం, మోకాళ్ల వెనకా చెవుల వెనకా తడిమి చూసుకోవడం. పిడుదు పట్టి ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. గోళ్లతో నలపొద్దు.

టీకా ప్రస్తుతం లేదు. కర్ణాటకలో ఏళ్ల తరబడి వేసిన పాత టీకా సరిగా పనిచేయడం లేదని తేలి 2022లో ఆపేశారు. కొత్తది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)తో కలిసి మీ హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్లే తయారుచేస్తున్నారు.

*నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇన్ని ఉపగ్రహాలు, ఏఐ వచ్చాక ముప్పు రోజురోజుకీ ముందే చెప్పేయొచ్చు కదా. ఆశా కార్యకర్తలు ఊరూరా తిరిగి చచ్చిన కోతుల లెక్క రాయడం ఇంకా ఎందుకు? — బెంగళూరు*

ఎందుకంటే మీ ఏఐకి మేత ఆ లెక్కే. వాన, వేడి, పచ్చదనం రోజూ పైనుంచి దొరుకుతాయి, నిజమే. వైరస్ ఈ ఏడాది ఏ వాలులో తిరుగుతోందో మాత్రం పైనుంచి తెలియదు. కోతి చావు దానికి మొదటి కబురు. అందుకే చచ్చిన కోతి దొరికితే దాన్నుంచి నమూనా తీసి, చుట్టూ 50 మీటర్ల మేర పిడుదుల మందు చల్లి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లని అటు వెళ్లొద్దని చెప్పడం ఆనవాయితీగా వస్తోంది.

మీరు తరచి చూడాల్సింది ఇంకోటి ఉంది. పటంలో కేసులు లేని గడి అంటే జ్వరం లేని గడి అని కంప్యూటర్ అనుకుంటుంది. అక్కడ రోడ్డు లేకపోవచ్చు, ఆస్పత్రి దూరం కావచ్చు, జ్వరం వచ్చినవాడికి రక్తపరీక్షే జరగకపోవచ్చు. కోతి చచ్చినా చూసేవాళ్లు లేకపోవచ్చు. ఊరి దగ్గర చచ్చిన కోతి లెక్కలోకి వస్తుంది, లోయలో చచ్చినది రాదు. వెతికిన చోటే దొరుకుతుంది కాబట్టి, ఎక్కడ ఎంత వెతికారన్నది కూడా ఒక పొరగా వేయాలి. ఆస్పత్రికి ఎంత దూరం, ఎన్ని రక్త నమూనాలు తీశారు, ఎన్నిటిలో జబ్బు లేదని తేలింది. జబ్బు లేదని తేలినవాటి లెక్క చాలాచోట్ల విడిగా దొరకదు, జిల్లా ల్యాబ్ రిజిస్టర్ చేత్తో తిరగేయాలి. మీకు సెలవులుండి, మీ కంపెనీ సేవా కార్యక్రమాల కింద ఏదైనా చేయాలనుకుంటే, ఆ రిజిస్టర్లలోకి ఎక్కిన సమాచారం సరిగ్గా కంప్యూటర్‌లోకి చేరేలా ఆశా అమ్మాయిల ఫోన్లో నడిచే చిన్న యాప్ రాసిపెట్టండి. కన్నడలో ఉండాలి, సిగ్నల్ లేకపోయినా పనిచేయాలి, ఫోటో తీస్తే చోటు దానంతటదే నమోదవ్వాలి.